ఓపెన్ సోర్స్ డేటాబేసులు: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల రొయ్యలు కొనేవాళ్లకీ, రైస్ మిల్లులకీ, కొబ్బరి వ్యాపారులకీ లెక్కల సాఫ్ట్‌వేర్ రాయడం, రాశాక దాని వెనకున్న డేటాబేస్ (లెక్కలన్నీ టేబుళ్లుగా దాచే సాఫ్ట్‌వేర్) పడిపోకుండా కాపలా కాయడం నా పని. ఇదే పనిలో ఉన్న కుర్రాళ్లు, మిల్లులో కంప్యూటర్ చూసే గుమస్తాలు, ఇంజనీరింగ్ పిల్లలు తిప్పితిప్పి ఇవే అడుగుతుంటారు కాబట్టి ఒక్కచోట పెడుతున్నా. కమాండ్ల పేర్లు తెలుగులో రాశాను, కొట్టేది మాత్రం ఇంగ్లీషులోనే.

ఎక్సెల్‌లో బానే నడుస్తోంది కదండీ, మళ్లీ డేటాబేస్ ఎందుకు?

నడుస్తుంటే నడపండి. ఒక్క మనిషే రాస్తూ, ఏడాదికి నాలుగైదు వేల వరసలు దాటకపోతే నేనైతే మార్చను. కాటా దగ్గర ఒకరు, ఆఫీసులో ఒకరు అదే ఫైలు తెరిచి, సాయంత్రానికి ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ అసలుది’ అని మూడు ఫైళ్లు తయారయ్యాయా, అప్పుడు మార్చండి. ఇంకోటి, ఎక్సెల్ మనం కొట్టింది కొట్టినట్టు ఉంచదు. సర్వే నంబరు 12/3 అని కొట్టి చూడండి, దాన్ని డిసెంబరు 3 అనో మార్చి 12 అనో తేదీగా మార్చేస్తుంది. డేటాబేస్‌లో ఆ కాలమ్ టెక్స్ట్ అని ఒకసారి చెప్తే ఇక టెక్స్టే.

పోస్ట్‌గ్రెస్సా, మైఎస్‌క్యూఎల్లా, మారియాడీబీయా, ఎస్‌క్యూలైటా? ఏది పెట్టమంటారు?

ఒకే కంప్యూటర్, ఒకే కౌంటర్ అయితే ఎస్‌క్యూలైట్. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఈ డేటాబేస్ మీ ఫోన్లో ఇప్పటికే ఉంది, సర్వరు ఉండదు, మొత్తం ఒక్క ఫైలు. కాకపోతే ఒక క్షణంలో ఒక్కరే రాయగలరు, ఫారిన్ కీ (ఈ టేబుల్‌లో రాసిన నంబరు ఆ టేబుల్‌లో నిజంగా ఉండాలన్న కట్టుబాటు) తనిఖీ మామూలుగా ఆపేసి ఉంటుంది కాబట్టి ప్రతి కనెక్షన్‌లోనూ ప్రాగ్మా అనే సెట్టింగు కమాండ్‌తో ఆన్ చేసుకోవాలి, ఆ ఫైలుని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి నలుగురూ తెరిస్తే ఏదో ఒకరోజు పాడవుతుంది.

నలుగురూ ఒకేసారి రాసేదైతే నా ఓటు పోస్ట్‌గ్రెస్‌కి. 1986లో బర్క్‌లీ యూనివర్సిటీలో మొదలైన ప్రాజెక్టు, 1996 నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఇప్పటి పూర్తి పేరుతో ఉంది, తప్పుడు డేటా లోపలికి వస్తుంటే మొహమాటం లేకుండా వెనక్కి పంపుతుంది, నాకు నచ్చేది అదే. అలాగని మైఎస్‌క్యూఎల్ మీద బాగా నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ని మోజు కొద్దీ మార్చొద్దు. మారియాడీబీ దానికి తోబుట్టువు: మైఎస్‌క్యూఎల్ ఒరాకిల్ కంపెనీ చేతికి వెళ్తున్న రోజుల్లో, దాన్ని మొదట రాసినవాళ్లలో ఒకరైన మాంటీ విడేనియస్ 2009లో వేరుకుంపటి పెట్టాడు. ‘మై’, ‘మారియా’ ఇద్దరూ ఆయన కూతుళ్లే.

నిజంగా ఫ్రీనా? తర్వాత ఎవరైనా వచ్చి డబ్బు అడుగుతారా?

అడగరు. ఎస్‌క్యూలైట్ అయితే ఏకంగా పబ్లిక్ డొమైన్, దాని మీద ఎవరికీ హక్కుల్లేవు. పోస్ట్‌గ్రెస్ లైసెన్సు కూడా చాలా ఉదారమైంది. మైఎస్‌క్యూఎల్, మారియాడీబీలవి జీపీఎల్, అంటే పంచేటప్పుడు కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్సు. మీ ఆఫీసులో వాడుకోవడానికి ఏ అడ్డూ లేదు, మీ సాఫ్ట్‌వేర్‌లో కలిపి అమ్మాలనుకుంటే మాత్రం లైసెన్సు ఒకసారి చదవండి.

రోజువారీ పనికి ఏ టూల్స్ కావాలి?

డీబీవర్ ఒక్కటి వేసుకుంటే పైన చెప్పిన నాలుగింటితోనూ మాట్లాడుతుంది. పోస్ట్‌గ్రెస్ కోసం పీజీఅడ్మిన్, మైఎస్‌క్యూఎల్ కోసం పీహెచ్‌పీమైఅడ్మిన్ ఎలాగూ ఉన్నాయి. ఎస్‌క్యూలైట్ ఫైలు తెరిచి చూడ్డానికి డీబీ బ్రౌజర్ చాలు. కానీ కమాండ్లు కొట్టే నల్ల స్క్రీను అలవాటు చేసుకోండి. రాత్రి పదకొండింటికి మిల్లు నుంచి ఫోన్ వస్తే, అక్కడి నెట్‌లో మౌస్ కదలడానికే నిమిషం పడుతుంటే, పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీఎస్‌క్యూఎల్ ఒక్కటే మాట వింటుంది. అందులో బ్యాక్‌స్లాష్ డీ కొడితే టేబుల్ స్వరూపం, బ్యాక్‌స్లాష్ ఎక్స్ కొడితే వెడల్పాటి వరస నిలువుగా, బ్యాక్‌స్లాష్ టైమింగ్ కొడితే ఏ క్వెరీకి (డేటాబేస్‌ని అడిగిన ప్రశ్నకి) ఎంతసేపు పట్టిందో తెలుస్తుంది. నాకు రోజూ పనికొచ్చేవి ఈ మూడే.

పాత ఎక్సెల్ డేటా ఎలా ఎక్కించాలి?

నేరుగా అసలు టేబుల్‌లోకి ఎక్కించొద్దు. అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గా ఉన్న తాత్కాలిక టేబుల్ ఒకటి పెట్టి, ఫైలుని సీఎస్‌వీ యూటీఎఫ్-8గా (తెలుగు అక్షరాలు నిలిచే, కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసి, పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ కాపీతో అందులో పోయండి. ఉత్త కాపీ కమాండ్ అయితే ఫైలు సర్వరులో ఉందా అని వెతుకుతుంది, బ్యాక్‌స్లాష్ ఉన్నది మీ కంప్యూటర్‌లో వెతుకుతుంది. ఈ తేడా తెలీక సగంమంది ఇక్కడే ఆగిపోతారు. పోశాక అక్కడే చెత్త ఏరండి. ఒక పాత ఫైల్లో జిల్లా కాలమ్ తీసి చూస్తే ‘పశ్చిమ గోదావరి’, ‘ప.గో.’, ‘వెస్ట్ గోదావరి’, చివర స్పేస్ ఉన్న ‘ప.గో. ’ అని నాలుగు జిల్లాలు కనిపించాయి. శుభ్రమయ్యాకే అసలు టేబుల్‌లోకి పంపాలి.

జిల్లా పేరుని ప్రతి వరసలోనూ రాసేస్తే తప్పేంటి?

2022 ఏప్రిల్ 4న ఏం జరిగిందో గుర్తుందిగా. ముందురోజు దాకా తూర్పు గోదావరిలో ఉన్న అమలాపురం తెల్లారేసరికి కోనసీమ జిల్లా అయింది. గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వెళ్లింది. ప్రతి బిల్లు వరసలోనూ జిల్లా పేరు రాసుకున్నవాళ్లు ఆ వారం నిద్రపోలేదు. ఊళ్లకి ఒక టేబుల్, జిల్లాలకి ఒక టేబుల్, బిల్లులో ఊరి నంబరు మాత్రమే పెట్టుకున్నవాళ్లకి అది అరగంట పని.

కానీ ఇక్కడో మెలిక ఉంది. 2021 నాటి బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే అప్పటి జిల్లాయే రావాలి. అందుకని ఏ ఊరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లాలో ఉందో చెప్పే మూడో టేబుల్ పెట్టాలి. 1970లో కాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఈ టేబుళ్ల పద్ధతికి మూలమైన రిలేషనల్ మోడల్ రాసినప్పుడు కొవ్వూరు గురించి ఆలోచించి ఉండడు గానీ, ఒక నిజాన్ని ఒక్కచోటే రాయమన్న ఆ సూత్రం మనకిక్కడ అచ్చంగా సరిపోతుంది. పేర్లని ప్రైమరీ కీలుగా (ఏ వరస ఏదో గుర్తుపట్టే కాలమ్‌గా) పెట్టొద్దని నేను మొత్తుకునేదీ అందుకే. ఊళ్లే జిల్లాలు మారినప్పుడు మనుషుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఒక లెక్కా.

తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి, ఏం చెయ్యాలి?

ముందు డేటా పోయిందా, కనిపించడమే తప్పుగా ఉందా అన్నది తేల్చండి. మైఎస్‌క్యూఎల్‌లో లోపలి బైట్లని చూపే హెక్స్ ఫంక్షన్‌తో ఆ పేరుని చూడండి. వరసగా 3ఎఫ్, 3ఎఫ్ అని వస్తే అవి నిజంగానే ప్రశ్నార్థకాలు, అసలు అక్షరాలు రాసేటప్పుడే పోయాయి, పాత కాయితాలు చూసి మళ్లీ కొట్టడమే. ఈ0బీ0, ఈ0బీ1 అంటూ వస్తే తెలుగు భద్రంగానే ఉంది, మీ కనెక్షన్ క్యారెక్టర్ సెట్ (బైట్లని అక్షరాలుగా చదివే పద్ధతి) తప్పు. ‘ఏ’ మీద గీత, పక్కన డిగ్రీ గుర్తు, ఇలా పిచ్చి అక్షరాలు కనిపించడం ప్రశ్నార్థకాలకంటే మంచి సంకేతం, చాలాసార్లు వెనక్కి తెచ్చుకోవచ్చు.

మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అని ఎన్నాళ్లుగానో ఉన్నది అసలైన యూటీఎఫ్-8 కాదు, అక్షరానికి 3 బైట్లే ఇస్తుంది. తెలుగు అక్షరానికి సరిగ్గా 3 బైట్లు కాబట్టి మనకి పని జరిగిపోతుంది, ఎవరో పేరు పక్కన దండం ఎమోజీ పెట్టిన రోజున మాత్రం 4 బైట్లు కావాల్సి వచ్చి బండి ఆగిపోతుంది. ఎప్పుడూ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి. 8.0 నుంచి అదే డిఫాల్ట్.

పేరుకి ఎన్ని అక్షరాల కాలమ్ పెట్టాలి?

మీరనుకున్నదానికి రెట్టింపు. రామచంద్రపురం అనే మాట మన కంటికి ఆరు అక్షరాలు, డేటాబేస్‌కి 12, ఎందుకంటే కొమ్ము, దీర్ఘం, సున్నా, వత్తుకి ముందు వచ్చే హలంతం అన్నీ విడివిడిగా లెక్క. వార్‌క్యార్ 10 (పది అక్షరాల దాకా పట్టే టైపు) అని పెట్టి ఊరి పేరు పట్టడం లేదని ఫోన్ చేసినవాళ్లున్నారు. పోస్ట్‌గ్రెస్‌లో అయితే టెక్స్ట్ అని పెట్టేసి ఊరుకోండి, వేగంలో తేడా ఏమీ ఉండదు.

తూకం, డబ్బు ఏ టైపులో పెట్టాలి?

న్యూమరిక్, అంటే దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచేది. ఫ్లోట్, అంటే దగ్గరి విలువ దాచేది, పెట్టొద్దు, ఎంతమంది చెప్పినా పెట్టొద్దు. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, పదిహేడో స్థానంలో ఎక్కడో 4 కనిపిస్తుంది. ఒక్క బిల్లులో తెలీదు, సీజను మొత్తం కలిపేసరికి ఏజెంటుకీ మీకూ పైసల్లో తేడా వచ్చి, ఆ పైసల కోసం ఇద్దరూ రెండు గంటలు కూర్చుంటారు. డబ్బుకి న్యూమరిక్ 12,2 (మొత్తం 12 అంకెలు, అందులో దశాంశం తర్వాత 2), కిలోలకి న్యూమరిక్ 10,3 పెట్టుకుంటే గొడవ లేదు.

నిన్నటి పట్టుబడి ఈరోజు రిపోర్టులో సగమే కనిపిస్తోందండి, మిగతాది ఎక్కడికి పోయింది?

మొన్నటి రిపోర్టులో ఉంటుంది, చూడండి. చెరువు పట్టుబడి చాలామంది రాత్రివేళే పడతారు కదా. సర్వరు గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. 15వ తేదీ రాత్రి రెండింటికి వేసిన కాటా దానికి 14వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర. అంటే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఐదున్నర దాకా తూచినదంతా ముందురోజు ఖాతాలోకి పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్ టైపు వాడి, రిపోర్టు తీసేటప్పుడు ఏషియా/కోల్‌కతా టైమ్‌లోకి మార్చి, ఆ తర్వాత రోజుల వారీగా కలపండి. ఈ వరస తిరగబడితే మళ్లీ అదే తప్పు.

క్వెరీ చాలా స్లో. ర్యామ్ పెంచాలా?

ముందు జేబులోంచి చెయ్యి తీయండి. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అని ముందు పెట్టి ఆ క్వెరీ నడపండి. పెళ్లిలో చదివింపుల పుస్తకం తెలుసుగా, వచ్చినవాళ్లు వచ్చినట్టు రాసుకుంటూ పోతారు. ఫలానా ఆయన ఎంత చదివించాడో చూడాలంటే మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేయాలి. అది సీక్వెన్షియల్ స్కాన్. అదే పుస్తకానికి వెనకాల ఇంటిపేర్ల వరసలో పేజీ నంబర్లు రాసి ఉంటే నేరుగా ఆ పేజీకే వెళ్తాం. అది ఇండెక్స్ స్కాన్. లక్షల వరసల టేబుల్‌లోంచి పది వరసలు కావాల్సినప్పుడు సీక్వెన్షియల్ స్కాన్ కనిపిస్తే ఇండెక్స్ లేదనో, ఉన్నా వాడుకోలేకపోతోందనో అర్థం.

ఉన్నా వాడుకోలేకపోవడానికి నాకు ఎక్కువగా కనిపించేవి మూడు. ఒకటి, ‘డేట్ ఆఫ్ కాటా సమయం ఇంత’ అని కాలమ్‌ని ఫంక్షన్‌లో చుట్టేయడం. దానికి బదులు ‘ఈ సమయం నుంచి ఆ సమయం లోపు’ అని రాస్తే మామూలు ఇండెక్స్ పనిచేస్తుంది. రెండు, లైక్ వాడి ‘చివర రాజు అని ఉన్న పేర్లన్నీ’ అని అడగడం. భీమవరంలో ఆ క్వెరీకి సగం టేబుల్ వస్తుందనుకోండి, అది వేరే సంగతి; అసలు ఇబ్బంది ఏంటంటే ఇండెక్స్ మాట మొదటి నుంచి అమర్చి ఉంటుంది, తోక పట్టుకుని వెతకలేదు. మూడు, ఏజెంటు, తేదీ అనే వరసలో ఉమ్మడి ఇండెక్స్ పెట్టి, ఏజెంటు లేకుండా తేదీ ఒక్కటే ఇచ్చి వెతకడం.

ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ చూపే ప్లాన్‌లో అంచనా వరసలు, అసలు వరసలు పక్కపక్కనే ఉంటాయి. అంచనా 1, అసలు 80,000 అని కనిపిస్తే పోస్ట్‌గ్రెస్ పాత లెక్కలు నమ్ముకుని దారి ఎంచుకుందన్నమాట, ఆ లెక్కల్ని కొత్తగా తీసే ఉత్త అనలైజ్ కమాండ్ నడపండి. పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ కీ పెడితే దానంతట అది ఇండెక్స్ రాదని కూడా గుర్తుంచుకోండి, మైఎస్‌క్యూఎల్‌లో వస్తుంది, అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లందరూ దెబ్బతినేది దీంతోనే.

ఒక జాగ్రత్త: ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఆ క్వెరీని నిజంగా నడుపుతుంది. డిలీట్‌కి ముందు పెడితే నిజంగానే డిలీట్ అవుతుంది. బిగిన్ (ఇక్కణ్నుంచి మార్పులు ఖాయం కావు) కొట్టి, చూసి, రోల్‌బ్యాక్ (చేసిందంతా వెనక్కి) కొట్టండి.

అయితే అన్ని కాలమ్‌లకీ ఇండెక్స్ పెట్టేస్తే పోలా?

పోదు. కొత్త వరస రాసిన ప్రతిసారీ అన్ని ఇండెక్సులూ దిద్దాలి. కాటా దగ్గర మనిషి ఎంటర్ కొట్టి ఎదురుచూస్తుంటాడు.

మాకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. డేటా పాడవుతుందా?

చిట్టా, ఆవర్జా పద్ధతి మీ ఇంట్లో పెద్దవాళ్లకి తెలిసే ఉంటుంది. జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో రాసి, తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాకి వాళ్లది ఎక్కిస్తారు. మధ్యలో దీపం ఆరిపోయినా చిట్టా చూసి మళ్లీ ఎక్కించుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో వాల్, మైఎస్‌క్యూఎల్ టేబుళ్లు దాచే ఇన్నోడీబీ ఇంజన్‌లో రీడూ లాగ్ చేసేది ఇదే. కమిట్ (మార్పు ఖాయం) అయింది అని మీకు చెప్పిందంటే చిట్టా డిస్కుకి చేరినట్టు. కరెంటు వచ్చాక ఆ చిట్టా చదివి తనే సర్దుకుంటుంది.

వేగం కోసం ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్కుకి చేరేలా చూసే సెట్టింగు) ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది చిట్టా చించేయడమే. మైఎస్‌క్యూఎల్ పాత టేబుళ్లు మైఐశామ్ అనే ఇంజన్‌లో ఉంటే వాటికి ఈ రక్షణ లేదు, ఇన్నోడీబీకి మార్చండి. ఎలాగూ ఒక యూపీఎస్ కొనండి.

వరసలు పెరగట్లేదు, డిస్కు మాత్రం నిండుతోంది. ఎందుకు?

పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాత వరస కొట్టేసి పక్కన కొత్తది రాయడం. కొట్టేసిన పాతవాటి చోటుని మళ్లీ వాడుకునేలా చేసేది వాక్యూమ్, అది దానంతట అదే నడుస్తుంటుంది. మామూలుగా టేబుల్‌లో అయిదో వంతు, పైన ఇంకో 50 వరసలు చచ్చాకే కదులుతుంది. స్టాకు టేబుల్ లాంటిది నిమిషానికోసారి మారుతుంటే ఆ ఒక్క టేబుల్‌కి ఈ హద్దు తగ్గించండి. వాక్యూమ్ ఫుల్ మాత్రం పగలు కొట్టొద్దు, టేబుల్‌కి తాళం వేసి మొత్తం తిరగరాస్తుంది, అంతసేపూ ఎవరూ చదవను కూడా చదవలేరు.

అందరి స్క్రీన్లూ ఒకేసారి ఆగిపోయాయి, సర్వరు మాత్రం బానే ఉంది!

ఎవరో బిగిన్ కొట్టి భోజనానికి వెళ్లారు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ చూడండి, ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని ఒకటి గంట నుంచి కూర్చుని ఉంటుంది. పీజీ బ్లాకింగ్ పిడ్స్ ఎవరిని ఎవరు ఆపుతున్నారో చెప్తుంది, పీజీ టెర్మినేట్ బ్యాకెండ్‌తో దాన్ని లేపేయొచ్చు, ఆ మనిషికి ముందు ఫోన్ చేస్తే మర్యాద. మైఎస్‌క్యూఎల్ అయితే వరస తాళం కోసం 50 సెకన్లు చూసి తప్పుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ మీరు లాక్ టైమౌట్ పెట్టకపోతే తెల్లార్లూ ఎదురుచూస్తుంది.

వేర్ (ఏ వరసలకో చెప్పే షరతు) రాయడం మర్చిపోయి అప్‌డేట్ కొట్టేశాను. ఇప్పుడెలా?

కమిట్ కాకపోతే రోల్‌బ్యాక్. అయిపోతే బ్యాకప్పే దిక్కు. ఇకనుంచి ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కొట్టి ఎన్ని వరసలు వస్తున్నాయో చూసి, బిగిన్ పెట్టి, అప్‌డేట్ చేసి, అది చెప్పిన సంఖ్య సెలెక్ట్ చెప్పినదానితో సరిపోతేనే కమిట్ చేయండి. మైఎస్‌క్యూఎల్ క్లయింటులో సేఫ్ అప్‌డేట్స్ అనే ఆప్షన్ ఉంది, కీ మీద వేర్ గానీ లిమిట్ గానీ లేకపోతే ఒప్పుకోదు. దానికే ‘ఐ యామ్ ఎ డమ్మీ’ అని ఇంకో పేరు పెట్టారు, నిజంగా అదే కొట్టినా పనిచేస్తుంది. నేను సిగ్గుపడకుండా వాడతాను. ఒకటి మర్చిపోకండి, మైఎస్‌క్యూఎల్‌లో ఆల్టర్ టేబుల్, డ్రాప్ టేబుల్ రోల్‌బ్యాక్ కావు, పోస్ట్‌గ్రెస్‌లో అవుతాయి.

బ్యాకప్ రోజూ ఆటోమేటిగ్గా అవుతోంది కదా, ఇంకేం కావాలి?

నాకూ అయ్యేది. ఒక మిల్లులో మైఎస్‌క్యూఎల్ డంప్ (డేటా మొత్తం ఒక ఫైలుగా) తీసి, పైపులో జీజిప్‌కి (ఫైలు కుదించే ప్రోగ్రాముకి) పంపి, రోజూ రాత్రి ఒంటిగంటకి ఫైలు తయారయ్యేలా నేనే పెట్టాను. మధ్యలో ఎప్పుడో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చిందీ నేనే. ఆ రాత్రి నుంచి డంప్ ఫెయిలవుతోంది, జీజిప్ మాత్రం ఖాళీని నీట్‌గా జిప్ చేసి సక్సెస్ అంటోంది. ఫోల్డర్‌లో తేదీలవారీగా వరసగా ఫైళ్లు, చూడ్డానికి ముచ్చటగా. దాళ్వా ధాన్యం కొంటున్న రోజుల్లో ఒక పాత బిల్లు కావాలని తెరిస్తే ఒక్కో ఫైలు సైజు 20 బైట్లు. ఏమీ లేనిదాన్ని జీజిప్ చేస్తే సరిగ్గా అంతే వస్తుంది. సర్వరు బతికే ఉంది కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు నా స్క్రిప్టులన్నింట్లో పైపులో ఏది ఫెయిలైనా మొత్తం ఫెయిలని చెప్పే పైప్‌ఫెయిల్ ఉంటుంది, ఫైలు నిన్నటికంటే బాగా చిన్నదైతే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

పోస్ట్‌గ్రెస్‌కి పీజీ డంప్‌ని కస్టమ్ ఫార్మాట్‌లో తీయండి, పీజీ రీస్టోర్‌తో ఒక్క టేబుల్ కావాలన్నా వెనక్కి తెచ్చుకోవచ్చు. యూజర్లు, పాస్‌వర్డులు అందులో రావు, వాటికి పీజీ డంప్ ఆల్ గ్లోబల్స్ విడిగా తీయాలి. మైఎస్‌క్యూఎల్‌లో సింగిల్ ట్రాన్సాక్షన్, రొటీన్స్ అనే రెండు ఆప్షన్లూ ఇవ్వండి. ఎస్‌క్యూలైట్ ఫైలుని వాడుతుండగా కాపీ పేస్ట్ చేయొద్దు, దాని సొంత బ్యాకప్ కమాండే వాడండి.

తీసింది ఎక్కడ పెట్టారన్నది ఇంకో ప్రశ్న. సర్వరు పక్క బల్ల మీదున్న హార్డ్ డిస్కు బ్యాకప్ కాదు. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమవాళ్లకీ, 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఉన్నవాళ్లకీ దీని గురించి నేను వివరంగా చెప్పక్కర్లేదు. ఒక కాపీ ఊరు దాటాలి, పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ అయి దాటాలి. నెలకోసారి ఆ దూరపు కాపీని తెచ్చి వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, చివరి రోజు మొత్తం కాయితం మీద మొత్తంతో కలిసిందో లేదో చూడండి.

బయట నుంచి చూసుకోవడానికి పోర్టు ఇంటర్నెట్‌కి తెరవొచ్చా?

వద్దు. 5432 (పోస్ట్‌గ్రెస్), 3306 (మైఎస్‌క్యూఎల్) పోర్టులు తెరిచి ఉన్నాయా అని తడిమేవాళ్లు రోజంతా తిరుగుతూనే ఉంటారు. బయటివాళ్లకి కనపడని దారి ఏదైనా, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ గానీ వీపీఎన్ గానీ వాడండి. డీబీవర్‌లో టన్నెల్ పెట్టడం రెండు నిమిషాల పని.

వెర్షన్ ఎప్పుడు మార్చాలి?

పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ ఏడాదికొకటి వస్తుంది, ఒక్కోదానికి అయిదేళ్లు మరమ్మతులు ఇస్తారు. నేను కొత్తది వచ్చాక కొన్ని నెలలు ఆగి, సీజను లేని రోజు చూసుకుని మారుస్తాను. చిన్న వెర్షన్లు మాత్రం ఆలస్యం చేయకుండా వేసేయండి.

నేర్చుకోవడానికి మంచి డేటా ఏదైనా చెప్తారా?

ఆ ఉద్యోగుల టేబుల్, జీతాల టేబుల్ మానేసి వరద నీటిమట్టం తీసుకోండి. వరద రోజుల్లో ధవళేశ్వరం లెక్కలు వార్తల్లో గంటగంటకీ వస్తుంటాయి, రాసుకుని టేబుల్ చేయండి: సమయం, అడుగులు, క్యూసెక్కులు. 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఈ హద్దుల్ని కోడ్‌లో కాకుండా వేరే టేబుల్‌లో పెట్టి జాయిన్ చేయండి (రెండు టేబుళ్లనీ కలిపి చదవండి). తర్వాత ముందు వరసలోని విలువ తెచ్చే ల్యాగ్ అనే విండో ఫంక్షన్‌తో ముందు గంటకీ ఈ గంటకీ తేడా తీయండి, ఏ గంటలో నీరు ఎంత ఎగిసిందో ఒక్క క్వెరీలో వస్తుంది. మధ్యలో రెండు గంటల లెక్క దొరక్కపోతే ఆ తేడా తప్పు చెప్తుంది. లేని గంటల్ని జనరేట్ సిరీస్‌తో పుట్టించి, లెఫ్ట్ జాయిన్ చేసి, ఖాళీల్ని నల్‌గానే (విలువ తెలీదు అని) ఉంచండి. సున్నా పెట్టారో, గోదావరి ఎండిపోయినట్టు లెక్క వస్తుంది.